మైకేల్ మధుసూదన్ అప్పులు

1849 ఆగస్టులో మద్రాసు నుంచి కలకత్తాకు ఒక ఉత్తరం వెళ్లింది. రాసినవాడికి పాతికేళ్లు. అనాథ బాలుర బడిలో పంతులుగిరీ, ఏడాది నిండిన కాపురం, ఆ ఏడే అచ్చువేయించిన ఒక ఇంగ్లీషు కావ్యం, అప్పటికి అతనికున్న ఆస్తి ఇంతే. చిన్ననాటి నేస్తం గౌర్‌దాస్ బసాక్‌కు తన దినచర్య వరసగా రాసుకొచ్చాడు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా హీబ్రూ. ఎనిమిది నుంచి పన్నెండు దాకా బడి. పన్నెండు నుంచి రెండు దాకా గ్రీకు. రెండు నుంచి ఐదు దాకా తెలుగు, సంస్కృతం. ఐదు నుంచి ఏడు దాకా లాటిన్. ఏడు నుంచి రాత్రి పది దాకా ఇంగ్లీషు. మా తాతతండ్రుల భాషకు సొగసులు దిద్దే పెద్ద పనికే కదా నేను సిద్ధమవుతున్నది అని నేస్తాన్ని అడిగాడు.

మద్రాసు మధ్యాహ్నపు ఎండలో మన భాష ముందు పుస్తకం తెరిచి కూర్చున్న ఆ వంగ యువకుడు మైకేల్ మధుసూదన్ దత్. ఆ ఉత్తరం రాసిన పన్నెండేళ్లకు, 1861లో, ‘మేఘనాదవధ కావ్యం’ రాసి బెంగాలీ కవిత్వం నడకే మార్చేశాడు. ఆపైన మరో పన్నెండేళ్లకు, 1873లో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆలీపూర్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఎక్కడానికి ఎంతకాలం పట్టిందో దిగడానికీ అంతే పట్టింది. ఈ మనిషి కథ ఎన్నిసార్లు చదివినా నాకు గుండె బరువెక్కుతుంది. ప్రతిభ చాలక ఓడిపోయినవాడి కథ వేరు. తన ప్రతిభ ఎంతో, దాని ఎల్ల ఎక్కడో తెలుసుకుని, అక్కడే నిలబడి అద్భుతం చేసి చూపించి, ఆ తర్వాత కూలిపోయినవాడి కథ ఇది.

అతను పుట్టింది 1824 జనవరి 25న, జెస్సోర్ జిల్లా సాగర్‌దాడి గ్రామంలో, కపోతాక్ష నది ఒడ్డున. ఆ ఊరు ఇవాళ బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి రాజనారాయణ్ దత్ కలకత్తా సదర్ దివానీ అదాలతులో పేరున్న వకీలు. తల్లి జాహ్నవీదేవి చదువుకున్న ఇల్లాలు. కృత్తివాసుడి రామాయణం, కాశీరాందాసు భారతం పిల్లవాడి చెవిన పడింది ఆమె వల్లనే. మిగతా బిడ్డలు దక్కకపోవడంతో అతను ఆ ఇంటికి ఒక్కగానొక్క కొడుకై పెరిగాడు. అడిగింది అడిగినట్టు వచ్చి పడేది. రూపాయికి ఎన్ని అణాలో తెలుసుకోవలసిన అవసరం ఆ పిల్లవాడికి రాలేదు.

హిందూ కాలేజీలో చేరాక షేక్‌స్పియర్‌ను కళ్లకు కట్టించే కెప్టెన్ రిచర్డ్‌సన్ గురువుగా దొరికాడు. ఇక కుర్రవాడి లోకం మారిపోయింది. ఇంగ్లీషులో పద్యాలు రాయడం, బైరన్ జీవితచరిత్ర చదివి పరవశించడం, మిల్టన్‌ను కంఠస్థం చేయడం. పద్దెనిమిదేళ్ల వయసులో గౌర్‌దాస్‌కు రాసిన ఒక ఉత్తరంలో, నేను మహాకవినైతే నా జీవితచరిత్ర నువ్వు రాస్తే చూడాలనుంది అన్నాడు. ఇంగ్లాండు వెళ్లగలిగితే మహాకవిని అయితీరతానని కూడా అందులోనే రాశాడు. వర్డ్స్‌వర్త్‌కు అంకితమిచ్చి కొన్ని పద్యాలను బ్లాక్‌వుడ్ పత్రికకు పంపాడు. అవి వెలుగు చూడలేదు.

1843 ఫిబ్రవరి 9న క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఇంట్లో కుదిర్చిన పెళ్లి తప్పించుకోవాలన్న తొందర కొంత, మతం మారితే ఇంగ్లాండు దారి తెరుచుకుంటుందన్న ఆశ కొంత. బంధువులు వచ్చి ఎత్తుకుపోతారన్న భయంతో మిషనరీలు అతన్ని ముందు ఫోర్ట్ విలియం కోటలో దాచారు. తల్లి ఏడుపు, తండ్రి కోపం, హిందూ కాలేజీ గడప మూసుకుపోవడం, బిషప్స్ కాలేజీలో నాలుగేళ్ల చదువు, చివరికి తండ్రి పంపే డబ్బు ఆగిపోవడం, ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. ఇంగ్లాండు దారి మాత్రం తెరుచుకోలేదు. 1848 మొదట్లో, కలకత్తాలో బతుకుతెరువు కనపడక, మద్రాసు వచ్చి పడ్డాడు.

మద్రాసులో ఎనిమిదేళ్లున్నాడు. రెబెకా అనే యువతిని పెళ్లాడాడు. పగలు పాఠాలు చెప్పాడు, మద్రాసు ఇంగ్లీషు పత్రికలకు రాశాడు, కొన్నిటికి సంపాదకత్వం నెరిపాడు. 1849లో ‘ది కాప్టివ్ లేడీ’ అచ్చయింది. పృథ్వీరాజు, సంయుక్తల కథ. మద్రాసులో నలుగురు మెచ్చుకున్నారు. కలకత్తాలో కాపీలు కొనేవాళ్లను వెతికిపెట్టమని గౌర్‌దాస్‌ను బతిమాలాడు. అక్కడ పత్రికల వాళ్లు పెదవి విరిచారు. ఒక ప్రతి విద్యాశాఖ పెద్ద డ్రింక్‌వాటర్ బెథూన్‌కు చేరింది. ఇంగ్లీషులో సాధన చేసి సంపాదించిన ఈ రుచినీ చాతుర్యాన్నీ సొంత భాషకు పెట్టుబడి పెడితే, నీ దేశానికీ నీ పేరుకూ మేలు జరుగుతుంది అన్న అర్థంలో ఆయన సలహా ఇచ్చాడు. గౌర్‌దాస్ కూడా అదే మాట గట్టిగా చెప్పాడు.

కవిగా పేరు తెచ్చుకోవాలని తపించే పాతికేళ్ల కుర్రవాడికి ఆ మాట ఎంత గట్టిగా తగిలి ఉంటుందో ఊహించండి. ఇల్లు వదిలింది దానికోసం. మతం మారింది దానికోసం. తల్లి ముఖానికి దూరమైంది దానికోసం. ఆ ఏడు మొదట్లోనే, నా బెంగాలీ నాకు మరపునపడుతోంది, కృత్తివాసుడి రామాయణమూ కాశీరాందాసు భారతమూ పంపించు అని గౌర్‌దాస్‌కు రాసి ఉన్నాడు. అంటే లోపల ఏదో అప్పటికే కదిలింది. బెథూన్ మాట విన్నాక చిన్నబుచ్చుకుని కలం పారేయలేదు. పొద్దున ఆరింటికి లేచి హీబ్రూ పుస్తకం తెరిచాడు. మొదట చెప్పిన దినచర్య ఈ దెబ్బ తగిలిన తర్వాతిది.

మన గురజాడ కూడా ఈ దారినే నడిచాడు. 1883లో ఆయన ‘సారంగధర’ అనే ఇంగ్లీషు కావ్యం రాస్తే, కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చి తన పత్రికలో వేసుకున్నాడు. మీ భాషలో రాయండి అని హితవు చెప్పింది కూడా ఆయనే అంటారు. వంగదేశం ఆ పాఠం అప్పటికే మధుసూదన్ బతుకులో చదువుకుని ఉంది.

1851లో తల్లి పోయింది. 1855లో తండ్రి పోయాడు. ఆస్తి దాయాదులు ఆక్రమించుకుంటున్నారని గౌర్‌దాస్ కబురు పంపాడు. 1856 ఫిబ్రవరిలో మధుసూదన్ ఒంటరిగా కలకత్తా ఓడ దిగాడు. రెబెకా, నలుగురు పిల్లలు మద్రాసులోనే ఉండిపోయారు. మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లలేదు. అప్పటికే అతని మనసు హెన్రియెట్టా అనే మరో యువతి మీద ఉంది. ఆమె తర్వాత కలకత్తా వచ్చి చివరిదాకా అతనితో కాపురం చేసింది. రెబెకా విడాకులు ఇవ్వలేదు, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1892లో మద్రాసులోనే కన్నుమూసింది. మధుసూదన్ కథ చెప్పేవాళ్లు ఈ చోట గబగబా నడిచిపోతారు. నాకు అలా దాటిపోవడం న్యాయం అనిపించదు. అతని అప్పుల చిట్టాలో మొదటి పేరు ఆమెది. ఆ బాకీ ఎవరూ తీర్చలేదు.

కలకత్తాలో పోలీసు కోర్టులో గుమాస్తా ఉద్యోగం, తర్వాత దుబాసీ పని. 1858లో పైక్‌పాడా రాజులు బెల్గాచియా తోటలో ‘రత్నావళి’ నాటకం వేయిస్తూ, తెల్ల అతిథుల కోసం దాన్ని ఇంగ్లీషు చేయమని మధుసూదన్‌కు అప్పగించారు. రిహార్సల్ చూసి అతను గౌర్‌దాస్ దగ్గర నొచ్చుకున్నాడు. ఇంత అల్పమైన నాటకానికి రాజులు ఇంత డబ్బు పోస్తున్నారే అన్నాడు. మంచి నాటకం ఏదీ, ఉంటే చెప్పు అన్నాడు గౌర్‌దాస్. నేను రాస్తాను అన్నాడు మధుసూదన్. అతనికి బెంగాలీ సరిగా రాదని అందరికీ తెలుసు. మరుసటి ఏడు ‘శర్మిష్ఠ’ వచ్చింది.

అక్కడి నుంచి నాలుగేళ్లు. సాహిత్యచరిత్రలో అలాంటి నాలుగేళ్లు ఎంతమందికి దక్కాయి? 1859లో ‘శర్మిష్ఠ’. 1860లో ‘పద్మావతి’, రెండు ప్రహసనాలు, ‘తిలోత్తమాసంభవ కావ్యం’. 1861లో ‘మేఘనాదవధ’, ‘వ్రజాంగన’, ‘కృష్ణకుమారి’. 1862లో ‘వీరాంగన’. పండితులను చుట్టూ కూర్చోబెట్టుకుని ఒకరికొక గ్రంథం చొప్పున ఒకే పూట చెప్పి రాయించేవాడని చెప్పుకుంటారు.

ఛందస్సు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అంతవరకు బెంగాలీ కథాకావ్యాలు పయార్‌లో నడిచేవి. పాదానికి పద్నాలుగు అక్షరాలు, ఎనిమిదో అక్షరం దగ్గర విరుపు, పద్నాలుగో అక్షరం దగ్గర ఆగడం, రెండేసి పాదాలకు చివర్న ప్రాస. మన పద్యానికి యతిప్రాసలు ఎంతో వాళ్లకు ఆ అంత్యప్రాస అంత. చెప్పే మాట కూడా పాదంతో పాటే ముగిసిపోవాలి. బెంగాలీకి అమిత్రాక్షరం, అంటే ప్రాస లేని పద్యం, ఇమడదని మిత్రుడు జతీంద్రమోహన్ ఠాకూర్ వాదించాడు. సంస్కృతం కన్నబిడ్డకు ఇమడకపోవడమేమిటి, రాసి చూపిస్తా అని మధుసూదన్ పందెం కట్టాడు. ‘తిలోత్తమాసంభవం’ అలా పుట్టింది. ఓడిన జతీంద్రమోహన్ అచ్చు ఖర్చు భరించాడు.

ఇందులో నన్ను ఆకట్టుకునే విషయం ఒకటుంది. పద్నాలుగు అక్షరాల కొలతను అతను ముట్టుకోలేదు. అది తన భాష తనకిచ్చిన గట్టు. ఆ గట్టు అలాగే ఉంచి, ప్రాస తీసేసి, వాక్యాన్ని దాని దారిన వదిలాడు. వాక్యం ఒక పాదం నడుమ మొదలై, రెండు పాదాలు దాటి, మూడోదాని మూడో మాట దగ్గర ఆగుతుంది. అక్కడే ఇంకో వాక్యం అందుకుంటుంది. వాక్యం పాదం పొలిమేర దాటడం తిక్కనను చదివిన మనకు వింత కాదు. పయార్‌కు అలవాటుపడ్డ చెవులకు అది పిడుగు పడ్డట్టయింది. పండితులు అది పద్యమే కాదన్నారు. మహాపండితుడు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కూడా మొదట మెచ్చలేదు. తర్వాత ఒప్పుకున్నాడు.

‘మేఘనాదవధ’ తొమ్మిది సర్గల కావ్యం. మిల్టన్, హోమర్, వర్జిల్, దాంతే అందరూ అందులో కనిపిస్తారు. కథ మాత్రం జాహ్నవీదేవి చెప్పిన రామాయణం. లంకవైపు నిలబడి చెప్పిన రామాయణం అది. రావణుడి తలపే తన ఊహకు నిప్పంటిస్తుందని, రాముడూ అతని మూకా తనకు రుచించరని స్నేహితుడు రాజనారాయణ్ బసుకు రాశాడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రిగా రావణుడు అందులో కనిపిస్తాడు. ఆరో సర్గలో మేఘనాదుణ్ని చంపవలసి వచ్చినప్పుడు తానెంతో ఏడ్చానని కూడా ఆ స్నేహితుడికే చెప్పుకున్నాడు. తండ్రి మాట కాదని వెళ్లిపోయిన కొడుకు, తండ్రి చితి చూడలేకపోయిన కొడుకు, ఆ ఘట్టం రాస్తూ ఏడ్చాడు.

ఒకనాడు పనిమీద చీనాబజారుకు వెళ్లాడు. ఒక కొట్లో కుర్రాడొకడు పుస్తకంలో తలదూర్చి కూర్చున్నాడు. చూస్తే అది ‘మేఘనాదవధ’. లోపలికి వెళ్లి ఏం చదువుతున్నావని అడిగాడు. కొత్త కావ్యమండీ అన్నాడు వాడు, చక్కని ఇంగ్లీషులో. మీ భాషలో కవిత్వం ఉందా అన్నాడు మధుసూదన్. ఏ జాతివాళ్లయినా గర్వపడే కవిత్వం ఇది అన్నాడు వాడు. అయితే చదువు, వింటాను అంటే, కుర్రాడు అతని వంక ఎగాదిగా చూసి, ఈ కవి మీకు అర్థం కాడేమో అని సందేహించాడు. పోనీ చదివి చూడమన్నాక, రెండో సర్గలో మన్మథుడు రతి దగ్గరికి తిరిగొచ్చే ఘట్టం అందుకున్నాడు. ఎంత బాగా చదివాడో అని మధుసూదన్ మురిసిపోయాడు. తర్వాత పుస్తకం తను తీసుకుని కొంత చదివి వినిపిస్తే కుర్రాడు నోరు తెరిచాడు. మీరెక్కడుంటారు అని వెంటపడితే, ఏదో చెప్పి తప్పించుకుని వచ్చేశాడు. రాజనారాయణ్ బసుకు రాసిన ఉత్తరంలో ఈ ముచ్చటంతా ఉంది. అతని జీవితంలో ఇంతకన్నా గొప్ప సన్మానం నాకు కనపడదు. 1861 ఫిబ్రవరిలో కలకత్తా రచయిత కాళీప్రసన్న సింహా సభ పెట్టి వెండి పాత్ర బహూకరించాడు. నా లెక్కలో అది కూడా దీని తర్వాతే.

తన హద్దు తెలుసుకోవడమంటే ఆశ చంపుకోవడమేనని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. రాయాలని మొదలుపెట్టి, నాకింతే వచ్చు అని మధ్యలో ఆగిపోయినవాళ్లను ప్రతి ఊళ్లోనూ చూస్తాం. మధుసూదన్ ఆశ రవ్వంత కూడా తగ్గలేదు. మిల్టన్ సరసన కూర్చోవాలన్న కోరిక హిందూ కాలేజీ బల్ల మీద ఎంత ఉందో 1861లోనూ అంతే ఉంది. ఇంగ్లీషు తన నాలుక మీద పుట్టలేదన్న సంగతి మాత్రం అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక తన నేల మీదికి వచ్చి అదే శిఖరానికి గురిపెట్టాడు.

ఆ పని భాష విషయంలో చేయగలిగినవాడు డబ్బు విషయంలో చేయలేకపోయాడు. నేను అతని కోసం దుఃఖపడేది ఇక్కడే.

దావా గెలిచి తండ్రి ఆస్తిలో భాగం సంపాదించుకున్నాడు. ఇంట్లో హెన్రియెట్టా, ఇద్దరు పసిపిల్లలు. పెద్దదానికి శర్మిష్ఠ అనీ, కొడుక్కి మిల్టన్ అనీ పేర్లు. ఉన్న ఉద్యోగంతో, ఉన్న పొలాలతో, మితంగా బతికితే ఇంకో పది కావ్యాలు రాసేవాడు. మంచమున్నంత మేరకే కాళ్లు చాపుకోవాలన్న సామెత అతని ఇంట చెల్లలేదు. బారిస్టరై వచ్చి దొరలా బతకాలనుకున్నాడు. పద్దెనిమిదేళ్లనాటి ఇంగ్లాండు కల మళ్లీ తలెత్తింది. ఈసారి కవిత్వం కోసం కాదు, సంపాదన కోసం. ఆస్తి కౌలుకిచ్చి, డబ్బు ఇక్కడ సంసారానికీ అక్కడ చదువుకూ అందేలా ఏర్పాటు చేసి, తల్లినేలకు వీడ్కోలుగా ఒక పద్యం రాసి, 1862 జూన్ 9న ఓడ ఎక్కాడు. అప్పటికి అతనికి ముప్పై ఎనిమిదేళ్లు.

ఏడాది తిరక్కుండానే డబ్బు అందడం ఆగిపోయింది. కలకత్తాలో ఇల్లు గడవక హెన్రియెట్టా పిల్లలతో లండన్ చేరింది. లండన్ ఖర్చు భరించలేక అందరూ ఫ్రాన్సులో వెర్సాయ్‌కు మారారు. అక్కడ నగలు, వస్తువులు తాకట్టుకు వెళ్లాయి. రాసిన ఉత్తరాలకు, డబ్బు పంపుతామని పూచీపడ్డవాళ్ల నుంచి జవాబు రాలేదు. 1864 జూన్ 2న, ఇక దిక్కులేక, విద్యాసాగర్‌కు రాశాడు. స్వదేశంలో నాకు నాలుగువేల రూపాయలు రావలసి ఉండగా, నేను ఫ్రెంచి జైలుకు, నా భార్యాపిల్లలు ధర్మసత్రానికి పోవలసి వస్తోంది అన్నాడు.

ఆగస్టు చివర ఒక ఉదయం. ఊళ్లో సంత జరుగుతోంది. పిల్లలు సంతకు వెళతామని మారాం చేస్తున్నారు. హెన్రియెట్టా కళ్లనీళ్లతో వచ్చి, నా దగ్గర మూడు ఫ్రాంకులే ఉన్నాయి అంది. ఇవాళ టపా వచ్చే రోజు, కబురు తప్పక వస్తుంది, నేను మొరపెట్టుకున్న మనిషికి ప్రాచీన ఋషి బుద్ధీ వంగతల్లి హృదయమూ ఉన్నాయి అని అతను ధైర్యం చెప్పాడు. గంట గడిచేసరికి ఉత్తరం వచ్చింది, పదిహేను వందల రూపాయలతో. విద్యాసాగర్ దగ్గర మాత్రం రాశులు పోసి లేవు. మధుసూదన్ కోసం ఆయన ఇతరుల దగ్గర అప్పు తెచ్చాడు. ఆ అప్పులవాళ్లు తర్వాత ఆయన్ను నిలదీశారు.

అన్నం కరవైన ఆ వెర్సాయ్ ఇంట్లో అతను ఊరుకోలేదు. ఫ్రెంచి, ఇటాలియన్ నేర్చాడు. పెద్ద కావ్యానికి కావలసిన తీరిక లేదు, బలం లేదు. పద్నాలుగు పాదాల పద్యం చాలనుకున్నాడు. యూరపు సానెట్‌ను బెంగాలీకి తెచ్చి చతుర్దశపది అన్నాడు. పద్నాలుగు అక్షరాల పాదాలు, పద్నాలుగు. కపోతాక్ష నది మీద ఒకటి, మాతృభాషను వదిలి పరాయి సొమ్ముకు ఆశపడి తిరిగి ఇంటికి చేరిన తన సంగతి మీద ఒకటి, కాశీరాందాసు మీద, కృత్తివాసుడి మీద, విద్యాసాగర్ మీద. దాంతే ఆరువందల జయంతి నాడు, 1865లో, ఒక పద్యం రాసి ఫ్రెంచి, ఇటాలియన్ అనువాదాలతో ఇటలీ రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కు పంపితే, రాజు దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఆ పద్యాలు వందకు పైగా ఉన్నాయి. 1866లో కలకత్తాలో పుస్తకమయ్యాయి. ఓపిక ఎంత మిగిలితే అంతలో రాయడం అతనికి చేతనయింది.

1866 నవంబరులో బారిస్టరయ్యాడు. మరుసటి ఏడు కలకత్తా వచ్చేసరికి విద్యాసాగర్ ఇల్లు చూసి, సామాన్లు అమర్చి సిద్ధంగా ఉంచాడు. మధుసూదన్ ఆ ఇంటికి వెళ్లకుండా స్పెన్సెస్ హోటల్లో దిగాడు. హైకోర్టులో చేరడానికే అడ్డంకులు వచ్చాయి. చేరాక పేరున్నంతగా కేసులు రాలేదు. గొంతు బొంగురుపోయింది, కోర్టులో వాదన సాగేది కాదు. వచ్చిన డబ్బు వచ్చినట్టే మిత్రుల విందులకూ, మద్యానికీ, దానాలకూ పోయేది. అడిగినవాడికి లేదనడం చేతకాదు, అప్పు అడగడానికి సిగ్గూ లేదు. విద్యాసాగర్ బాకీ కోసం ఆస్తి అమ్మవలసి వచ్చింది. 1870లో ప్రీవీ కౌన్సిల్ రికార్డుల పరీక్షకుడిగా మంచి జీతం దొరికితే రెండేళ్లకు మానేశాడు. తర్వాత పురూలియా వైపు పంచకోట రాజు దగ్గర కొన్ని నెలలు పనిచేసి వచ్చేశాడు.

ఆ రోజుల్లోనే ఢాకాలో అతన్ని సన్మానించారు. మీరు దొర అయిపోయారని అక్కడివాళ్లు బాధపడితే, నా గదుల్లో అద్దం పెట్టుకున్నాను, దొరను కావాలన్న కోరిక పుట్టినప్పుడల్లా అందులో ముఖం చూసుకుంటాను అన్నాడు. నేను వంగవాసిని మాత్రమే కాను, తూర్పు వంగ జెస్సోర్ మనిషిని అని కూడా అన్నాడు. తనెవరో అతనికి ఎప్పుడూ తెలుసు. ఖర్చు పెట్టే చేతికి ఆ సంగతి అందలేదు.

1873లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఉత్తరపాడాలో జైకృష్ణ ముఖర్జీ గ్రంథాలయం మేడ మీద కొన్నాళ్లు తలదాచుకున్నాడు. గౌర్‌దాస్ చూడటానికి వెళ్లాడు. ఒకప్పుడు జీవితచరిత్ర రాయమని అడిగిన నేస్తం మంచం మీద నోటివెంట రక్తం కారుతూ ఊపిరికి ఎగబోస్తున్నాడు. హెన్రియెట్టా కాలిపోయే జ్వరంతో నేల మీద పడి ఉంది. తనను కాదు, అవతలి మనిషిని చూడమని ఇద్దరూ సైగ చేస్తున్నారు. చూసిన గౌర్‌దాస్‌కు దుఃఖం ఆగలేదు.

జూన్‌లో కలకత్తాకు తెచ్చారు. ఆమెను కూతురి దగ్గర ఉంచి, అతన్ని ఆలీపూర్ జనరల్ ఆసుపత్రిలో చేర్చారు. 26న హెన్రియెట్టా పోయింది. ఆ కబురు ఆసుపత్రి మంచం మీద విన్నాడు. చూడటానికి వచ్చిన బారిస్టర్ మన్‌మోహన్ ఘోష్‌ను, అంత్యక్రియలు సవ్యంగా జరిగాయా అని అడిగాడు. పిల్లల సంగతి ఎత్తాడు. నా పిల్లలు తినేది నీ పిల్లలకూ పెడతాను అని ఘోష్ మాట ఇచ్చాడు. జూన్ 29 ఆదివారం మధ్యాహ్నం మధుసూదన్ కన్నుమూశాడు. నలభై తొమ్మిదేళ్లు. ముప్పై ఏళ్ల కిందట ఎగబడి మతమిచ్చిన చర్చి ఇప్పుడు పాతిపెట్టడానికి అనుమతి ఇవ్వడానికి వెనకాడింది. శవం ఆ రాత్రంతా ఉండిపోయింది. చివరికి జార్బో అనే మతాచార్యుడు బిషప్ మాట కోసం చూడకుండా ముందుకొచ్చి, మర్నాడు లోయర్ సర్క్యులర్ రోడ్డు స్మశానంలో హెన్రియెట్టా పక్కనే ఖననం జరిపించాడు. సమాధి మీద రాయి పెట్టింది పదిహేనేళ్ల తర్వాత, 1888లో.

అతని చివరి నెలల గురించి మాట్లాడేవాళ్లు సీసాల లెక్కా అప్పుల లెక్కా చెబుతారు. రాత సంగతి కూడా చెప్పాలి. 1871లో ఇలియడ్ కథను బెంగాలీ వచనంలో ‘హెక్టర్ వధ’గా అచ్చు వేయించాడు, అసంపూర్తిగానే. కొత్తగా పెట్టబోయే బెంగాల్ థియేటర్‌వాళ్లు నాటకాలు కావాలని వస్తే, ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు, రాసిస్తానని డబ్బు పుచ్చుకున్నాడు. కొత్త ఛందస్సు కనిపెట్టే శక్తి ఇక లేదు. పందేలు కట్టే రోజులు పోయాయి. మంచాన పడి ‘మాయాకానన్’ రాశాడు. అది ‘మేఘనాదవధ’ పక్కన నిలిచే రచన కాదు. అయినా డబ్బు తీసుకున్నందుకు అతను చెల్లించిన బాకీ అది. అతను పోయిన ఏడు వారాలకు, ఆగస్టు 16న, బెంగాల్ థియేటర్ ‘శర్మిష్ఠ’తో మొదలైంది, స్త్రీ పాత్రల్లో స్త్రీలతోనే. ‘మాయాకానన్’ మరుసటి ఏడు అచ్చయింది. ఒప్పుకున్న రెండో నాటకానికి ‘విషమా ధనుర్గుణమా’ అని పేరు పెట్టి కొద్దిగా మొదలుపెట్టాడు.